దేవరాజులు ముఖం సరిపోలలేదు

ఫోన్ అన్నాక యజమానిని గుర్తుపట్టకూడదు. గుర్తుపట్టని ఫోనే ఉత్తమమైన ఫోను. ఈ మాటకు మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. వడమాలపేట దేవరాజులుకు జరిగింది విన్నాక కూడా నవ్వు మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం.

తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగడి నడిపే సునీల్‌కుమార్‌కు ఈమధ్య ఒక కంపెనీ వాళ్లు ఫారాల కట్ట పంపారు. రాబోయే ఫోన్లో కెమెరా ఎలా ఉండాలి, డిజైన్ ఎలా ఉండాలి, లాక్ ఎలా తెరుచుకోవాలి, ఇవన్నీ వాడేవాళ్లనే అడిగి రాయమన్నారు. ఎంత మర్యాద! మామిడికాయ ధర ఎంతుంటే బాగుంటుందని పండించేవాణ్ణి అడిగిన మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఫోను ఎంత పలచగా ఉంటే బాగుంటుందని మాత్రం కొనేవాణ్ణి బతిమాలి అడుగుతున్నారు.

సునీల్‌కుమార్ మొదటి ఫారం తీసుకుని మేనమామ దేవరాజులు ఇంటికే పోయాడు. ఆ మామకు ఫోను అంటగట్టింది తనే కాబట్టి, అభిప్రాయం కూడా అక్కడే దొరుకుతుందనుకున్నాడు. దొరికింది. కాకపోతే అది ఫారంలో పట్టలేదు.

దేవరాజులుకు వడమాలపేట పక్కన నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. అరవై రెండేళ్లొచ్చినా తలనిండా జుట్టు, పై పెదవిని పూర్తిగా కప్పేసిన మీసం. మొన్నటి దాకా ఆయన దగ్గర బటన్ల ఫోన్ ఉండేది. అది బావిగట్టు మీంచి మూడుసార్లు పడింది, ఒకసారి ఆవు తొక్కింది. బురద తుడిచి చెవికి పెట్టుకుంటే మళ్లీ హలో అనేది. దానికి లాక్ లేదు. ఎవరైనా తీసి చూడొచ్చు. ఎంత ప్రమాదమో ఆలోచించండి! ఆయన పాలవాడికి ఎన్నిసార్లు ఫోన్ చేశాడో లోకమంతా తెలుసుకునే అవకాశం ఉండేది.

ఈ ఏడు గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు ఆ ప్రమాదం తప్పించారు. కాయ తోలాలంటే టోకెన్ ఉండాలన్నారు. టోకెన్ యాప్‌లోకే వస్తుందన్నారు. యాప్ కావాలంటే స్మార్ట్‌ఫోన్ కావాలి. స్మార్ట్‌ఫోన్ కావాలంటే మేనల్లుడు ఉండనే ఉన్నాడు.

"కెమెరా సూడు మామా. దీంట్లో సెందమామ మీదుండే గుంతలు గూడా కనపడతాయి" అన్నాడు సునీల్‌కుమార్.

"నా తోటలో గుంతలే పూడ్సలేక సస్తా ఉండా. ఆ గుంతలు నాకెందుకబ్బా?" అన్నాడు దేవరాజులు.

డిజైన్ మరీ గొప్పది. సిమ్ పెట్టే కంత కూడా లేదు, సిమ్ అంతా లోపలే ఎక్కించేస్తారట. చేతిలో పెడితే తడిసిన సబ్బుబిళ్లలా జారిపోతుంది. ఫోను చేతిలో నిలవడం పాతకాలపు కోరిక, దాన్ని మనం వదులుకోవాలి.

ఇక లాక్. బొటనవేలు పెట్టమంటే పెట్టాడు. ఫోను ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఒప్పుకోలేదు. నలభై ఏళ్లుగా మామిడి సొన కాల్చి, పారకట్టె రుద్ది, ఆ వేలి మీద గీతలు ఏనాడో చెరిగిపోయాయి. కష్టం చేసిన వేలు యంత్రాలకు వేలు కాదు. అందుకని ముఖం పెట్టించారు. ఫోను ఆయన వైపు ఒక్క క్షణం చూసి ఠక్కున తెరుచుకుంది. దేవరాజులుకు కొంచెం సిగ్గేసింది. అంత శ్రద్ధగా తన ముఖం చూసినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు.

ఎందుకైనా మంచిదని సునీల్‌కుమార్ నాలుగంకెల పిన్ కూడా పెట్టి, చీటీ మీద రాసి నాగరత్నమ్మ చేతికిచ్చాడు. "ముఖం పనిజేయకపోతే ఇది కొట్టల్ల అత్తా. బద్రంగా పెట్టుకో" అన్నాడు. నాగరత్నమ్మ అంటే దేవరాజులు భార్య. ఆ ఇంట్లో భద్రమైన చోటు ఒక్కటే, దేవుడి గూటిలో పసుపుగుడ్డలో కట్టిన ముడుపు. చీటీని మడిచి ఆ చిల్లర మధ్యన పెట్టి మళ్లీ ముడివేసింది. బ్యాంకువాళ్లయినా అంతకన్నా జాగ్రత్త చేస్తారా?

కాయ ముదిరింది. టోకెన్ రాలేదు. పక్క తోటలవాళ్లకు వచ్చింది, ఈయనకు రాలేదు. చెట్టు మీది కాయకు యాప్ సంగతి తెలియదు కదా, దాని పాటికి అది పండబారుతోంది. ఏడాది కష్టమంతా ఆ కొమ్మలకే వేలాడుతోంది. దేవరాజులు రోజుకు నలభైసార్లు ఫోనుకు ముఖం చూపించాడు, నలభైసార్లూ అది తెరుచుకుంది, లోపల ఏమీ లేదు. ఆఖరికి తూర్పుకు కాకుండా కొండ వైపు తిరిగి దండం పెట్టి, టోకెన్ వస్తే తలనీలాలిచ్చుకుంటానన్నాడు. మీసంతో సహా అన్నాడు.

బుధవారం సాయంత్రం టోకెన్ వచ్చింది. శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం ఆరు లోపల కాయ దించుకోవచ్చు.

"రేపే కొండకు పోదాం" అంది నాగరత్నమ్మ.

"కాయ తోలేసి పోదామే. స్వామి యాడికి పోతాడు?"

"ఆయన వడ్డీకాసులోడు. మొక్కు నిలవ పెడితే ఇచ్చిన టోకెన్ ఎనక్కి తీసుకుంటే ఏం జేస్తావు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన భర్త తిరుపతి చుట్టుపక్కల యాభై మైళ్లలో లేడు. కోత కూలీలకు పని అప్పజెప్పి, గురువారం తెల్లారేసరికి ఇద్దరూ కొండ మీదున్నారు.

కల్యాణకట్టలో జుట్టు పోయింది, మీసం పోయింది, గుండుకు గంధం వచ్చింది. బయట నిలబడ్డ నాగరత్నమ్మ చేతిసంచీని ఒక గుండాయనకు అందించి, "పట్టుకో, కాళ్లు లాగతా ఉండాయి" అంది. ఆయన గుంటూరు నుంచి వచ్చిన ఎవరో భక్తుడు. అసలు మొగుడు పక్కనే నిలబడి దగ్గాల్సి వచ్చింది. ముప్పై ఆరేళ్లు కాపురం చేసిన మనిషికే తికమకగా ఉంటే, మూడు నెలల ఫోనును తప్పుపట్టడం న్యాయమేనా?

దర్శనమైంది. ముడుపు హుండీలో పడింది. కౌంటర్లో పెట్టిన ఫోన్ వెనక్కి తీసుకుని దేవరాజులు దానికి ముఖం చూపించాడు.

"ముఖం సరిపోలలేదు" అంది ఫోను.

నీడలోకి జరిగి చూపించాడు. సరిపోలలేదు. తలకు తువ్వాలు చుట్టి చూపించాడు. నవ్వి చూపించాడు, కోపంగా చూపించాడు. ఫోను మర్యాదగా పిన్ కొట్టమంది.

"చీటీ యాడ పెట్టినావే?"

నాగరత్నమ్మ గుడి వైపు చూసింది. "ముడుపులో" అంది.

అంటే ముఖం కల్యాణకట్టలో, పిన్ హుండీలో, రెండూ స్వామికే సమర్పించుకున్నారన్నమాట. ఇక ఆ ఫోను తెరవగలిగినవాడు ఆయనొక్కడే. ఇంతకు మించిన భద్రత ఏ కంపెనీ ఇవ్వగలదు?

ఆ గుంటూరు భక్తుడే దయతలచి తన ఫోన్ ఇచ్చాడు. చేతిసంచీ మీద అచ్చేసిన అంగడి నంబరుకు చేస్తే సునీల్‌కుమార్ దొరికాడు. "దినానికి ముప్పై ఫోన్లు అమ్ముతాను మామా. నీ పిన్ను నాకేం గ్యాపకముంటాది? అంతా తుడిపేసి కొత్తగా తెరవొచ్చు గానీ, లోపలుండేది ఒగటీ మిగల్దు. మళ్లా కంపెనీవాళ్లు సిమ్ ఎక్కియ్యల్ల, రెండు మూడు దినాలు పడతాది" అన్నాడు. యాప్ ఆ నంబరుతోనే తెరుచుకుంటుంది కాబట్టి సిమ్ తీసి వేరే ఫోన్లో వేసుకుంటానంటే, తీయడానికి కంత లేదు కదా అని గుర్తుచేశాడు. డిజైన్ అలాంటిది మరి.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే ట్రాక్టర్ ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడింది. ట్రాలీ నిండా కాయ. గేటు దగ్గర మునెయ్య ఉన్నాడు. పక్క ఊరివాడే. దేవరాజులు పెళ్లిలో వడ్డించినవాడు. ఏటా ఆయన తోట నుంచి గంపెడు కాయలు మునెయ్య ఇంటికి పోతాయి.

"గుండు కొట్టించినావా మామా? బాగుండాది" అన్నాడు మునెయ్య, దూరం నుంచే గుర్తుపట్టి. "టోకెన్ సూపీ."

దేవరాజులు జరిగింది చెప్పాడు. మునెయ్య నవ్వలేదు. నిజంగానే బాధపడ్డాడు.

"నువ్వెవరో నాకు తెల్దంటే నా నోట్లో పురుగులు పడతాయి. కానీ ఈ మిషన్‌తో స్కాన్ గొట్టకుండా బండి ఇడిసిపెడితే నా పని పోతాది."

"లోపల లిస్టులో నా పేరుంటాది గదప్పా. అడిగి సూడు."

అడిగాడు. పేరుంది, ఊరుంది, టోకెన్ నంబరుంది, మీసంతో ఫొటో కూడా ఉంది. కానీ స్కాన్ కాలేదు కాబట్టి ఆ దేవరాజులు ఇంకా రాలేదని లోపలున్న బాబు చెప్పాడు. గేటు ఎత్తే తాడు మునెయ్య చేతిలోనే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారికి కూడా ఇవ్వాలనే ఉంది, ఆయన చేతిలో మిషన్ ఉంది, అంతే తేడా.

మధ్యాహ్నం మునెయ్య తన క్యారియర్లో సద్ది సగం పెట్టాడు. నీళ్లిచ్చాడు. చెట్టునీడలో కుర్చీ వేశాడు. తాడు తప్ప అన్నీ ఇచ్చాడు. ఆరు గంటలైంది.

మండీకి తోలదామంటే ఆ వారం మండీలో కాయ దించుకునేవాడు లేడు. ట్రాక్టర్ రోడ్డు పక్కనే ఎండలో ఉండిపోయింది. నాలుగో రోజుకు ట్రాలీ పలకల సందుల్లోంచి రసం కారింది. దేవరాజులు డ్రైవరుకు చెప్పి ట్రాలీ ఎత్తించి కాయంతా అక్కడే గుమ్మరించాడు. ఆయన ఏడ్చాడు. వ్యంగ్యం రాసే చోట ఈ మాట రాయకూడదేమో, కానీ ఏడ్చాడు, అటు తిరిగి తువ్వాలుతో గుండు కూడా తుడుచుకున్నాడు.

ఇక్కడ కెమెరాల గొప్పతనం ఒప్పుకోవాలి. దారినపోయేవాళ్లు బండ్లు ఆపి ఆ కుప్పను ఫొటోలు తీశారు. ఎంత స్పష్టత! కాయ మీది పగులు కనిపించింది, పగులులో ఈగ కనిపించింది, ఈగ రెక్క మీది గీతలు కనిపించాయి. సాయంత్రానికి అది జిల్లా అంతా తిరిగింది. ఫొటో మూలన గుండుతో నిలబడ్డ మనిషి కూడా పడ్డాడు. కింద "ఒక రైతు" అని రాశారు. పేరు కనిపించేంత మెగాపిక్సెళ్లు ఇంకా రాలేదు.

సునీల్‌కుమార్ ఫారం పట్టుకుని వచ్చేసరికి గుండు చేయించుకుని పందొమ్మిది రోజులైంది. దేవరాజులు అరుగు మీద కూర్చున్నాడు. మీసం మళ్లీ నల్లగా, తెల్లగా మొలుస్తోంది. ఫోను పక్కనే ఉంది. నాగరత్నమ్మ దానికి రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉంది. ఆయన అలవాటుకొద్దీ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఫోను ఒక్క క్షణం చూసింది. ఠక్కున తెరుచుకుంది.

"మీ టోకెన్ గడువు ముగిసింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని అడిగింది.

సునీల్‌కుమార్ ఫారం మడత విప్పాడు. కెమెరా గడి, డిజైన్ గడి వదిలేసి మూడోదానికి పోయాడు. "లాక్ ఎట్ల తెరుసుకుంటే బాగుంటాది మామా? ముఖమా, వేలా, గొంతా, కంటిపాపా?"

దేవరాజులు ఫోనును అరుగు మీద పెట్టాడు.

"దీన్ని ఏమీ అనొద్దురా. దీనికి నేనెవరో తెలీలేదు, తెరవలేదు. తెలిసినాక తెరిసింది. మునెయ్యకు మొదటి దినమే తెలుసు. లోపల లిస్టు పెట్టుకున్నోడికీ తెలుసు. అందరికీ తెలుసు, ఎవరూ తెరవలేదు. ఆ లాక్ దేంతో తెరుసుకుంటాదో కనుక్కోమని రాయి."

సునీల్‌కుమార్ ఫారాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. ఆ మాటకు గడి లేదు. చివర్లో 'ఇతర సూచనలు' అని ఒక గీత మాత్రం ఉంది. ఆ గీత మీద "బ్యాటరీ ఇంకొంచెం ఎక్కువ రావాలి" అని రాసి, అత్తయ్య ఇచ్చిన మజ్జిగ తాగి తిరుపతి బస్సెక్కాడు.