గ్రాఫీన్‌కు మచ్చు తీసిన వైనం

గుంటూరు సీమలో దేవుడే ప్రత్యక్షమైనా ముందు మచ్చు తీస్తారు, వరం సంగతి తర్వాత చూస్తారు. మిరప టిక్కీ బస్తాలోంచి నాలుగు కాయలు లాగి, విరిచి, వాసన చూడందే ఇక్కడ ఎవరూ దేన్నీ ఒప్పుకోరు.

ఈ సంప్రదాయాన్ని ఉన్నత విద్యకు అందించిన ఘనత చిలకలూరిపేట దాటాక మిరపచేలలో వెలిసిన ఒక ఇంజనీరింగ్ కాలేజీది. కట్టించింది మిర్చి యార్డు వ్యాపారులు. కాబట్టి కాలేజీకి ఏ వస్తువొచ్చినా కొనుగోలు కమిటీలో ప్రతి ఒక్కరూ మచ్చు తియ్యాల్సిందే. (ల్యాబులో కీబోర్డులకు ఎంటర్ మీట ఉండదు. పిల్లలు అలవాటుపడ్డారు.)

వేదశ్రీ గుండెల్లో రాయి పడింది ఇందుకే. ఆమె పీహెచ్‌డీ కోసం ఏళ్ల తరబడి కూర్చుని గ్రాఫీన్ ప్యాచ్ యాంటెన్నా డిజైన్ చేసింది. గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర. దానికిచ్చే వోల్టేజీ మారిస్తే యాంటెన్నా పట్టే ఫ్రీక్వెన్సీ మారుతుంది. బయట ల్యాబులో చేయించిన ఆ గోరంత ముక్క శనివారం చేతికొచ్చింది. సోమవారం బెంగళూరులో దాన్ని కొలవాలి. కొలతలు లేకపోతే థీసిస్ లేదు, గడువు ఈ నెలాఖరే.

కమిటీ అధ్యక్షుడు, ఒకప్పటి మిరప కమీషన్ వ్యాపారి శేషాచలం గారు డబ్బా మూత తీశారు.

"ముట్టుకోకండి సార్! గోరు తగిలినా పోతుంది!"

"ముట్టుకోకుండా సరుకెట్టా తెలిసిద్ది తల్లీ?"

ఆమె ఓపిగ్గా వివరించింది. వోల్టేజీని బట్టి గుణం మారుతుందన్న మాట వినగానే ఆయన ముఖం మాడింది.

"గుణం మారిద్దా? అంటే పైన మేలురకం, అడుగున తాలుకాయలు పెట్టే బాపతన్నమాట. ఇట్టాంటివి బోలెడు చూశాం. పైనుంచొకటి, నడిమి నుంచొకటి, అడుగునుంచొకటి తియ్యండి."

ఒక్క పరమాణువు మందంలో పైన, నడుమ, అడుగు ఎక్కడెక్కడో తేల్చడానికి కమిటీకి టీ తాగేంత సేపు పట్టింది. శేషాచలం గారు ఒక మూల విరిచి, అరచేతిలో నలిపి, వాసన చూసి, "తేమ లేదు, తాలు లేదు" అంటూ జేబులో వేసుకున్నారు. ఇది ఉక్కుకన్నా గట్టిదట కదా అని సివిల్ డిపార్టుమెంటు హెలెన్ మేడం రెండు వేళ్లతో వంచి చూశారు. ఫట్‌మంది. వేదశ్రీకి ఏడుపొచ్చింది.

"మీరైనా చెప్పండి సార్" అని తన గైడు ముదస్సిర్ గారి వైపు తిరిగింది.

"కమిటీలో నాదీ ఒక సంతకం ఉందమ్మా" అంటూ ఆయన, పాపం, తల దించుకునే మిగిలిన పలుకు తీసుకున్నారు.

డబ్బాలో ప్యాకింగ్ దూది మిగిలింది. (అది పత్తి కిందికి వస్తుంది. దానికి వేరే కమిటీ ఉంది.)

సరుకు నికార్సయినదని, స్టాకులో చేరిందని అందరూ సంతకాలు పెట్టారు. ఇంకో ముక్క ఇప్పించమని వేదశ్రీ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. మంచి సరుకు స్టాకులో ఉండగా మళ్లీ కొనడం దుబారా అని జవాబొచ్చింది.

నెలాఖరున కొలతల్లేకుండానే థీసిస్ అదే కమిటీ ముందుకొచ్చింది. శేషాచలం గారు ఆప్యాయంగా తల నిమిరారు.

"యాంటెన్నాకి వంక పెట్టేదే లేదు తల్లీ, నేను స్వయంగా చూశాగా. కొలతల దగ్గరే నువ్వు అశ్రద్ధ చేశావు."

తీర్మానం ఏకగ్రీవం. యాంటెన్నా పాసు, వేదశ్రీ ఫెయిలు.