సారు తల ఊపితే ముద్ద

సంక్షేమాధికారి పరాంకుశరావు గారు తన ఆఫీసులో తల నిలువుగా ఊపితే, పదకొండు కిలోమీటర్ల అవతల నాగరత్నం చెయ్యి లేచి ఆమె నోటికి ముద్ద అందిస్తుంది. అడ్డంగా ఊపితే ముద్ద మళ్లీ కంచంలోకి పోతుంది. యంత్రంలో లోపమేమీ లేదని ఇంజనీరు రాసిచ్చాడు.

నాగరత్నం పదహారేళ్లు కుట్టుమిషను మీద బతికిన మనిషి. కండరాల జబ్బుతో చేతులు పడిపోయాక, చేతిని మోసి ఆడించే రోబో ఆసరా మంజూరైంది. దాన్ని నడిపే మీట గడ్డం కింద ఉంటుంది. మొదట ఎవరి గడ్డం తగిలితే ఆ యంత్రానికి వాళ్లే యజమాని; ఆపైన వాళ్ల తల ఎక్కడ ఊగినా అది ఆడుతుంది. ఏ వస్తువైనా పెద్దల చేత మొదలుపెట్టించడం మన మర్యాద కదా! పంపిణీ సభలో కొబ్బరికాయ కొట్టి, ఫొటో కోసం పరాంకుశరావు గారి గడ్డమే ఆనించారు.

అప్పటినుంచి ఆమె భోజనం ఆయన కొలువును బట్టి సాగుతోంది. సోమవారం అర్జీల రోజు. ఆయన పొద్దుటినుంచీ తల అడ్డంగానే ఊపుతారు కనుక ఆమెకు పస్తే. భర్త సుందరం తినిపిస్తానంటే ఒప్పుకోదు. మూడేళ్లు ఒకరి చేతి ముద్ద తిన్న మనిషికి తన చేత్తో తినాలని ఎంత ఉంటుందో, పాపం, తినిపించేవాళ్లకు తెలియదు. చెయ్యి ఎప్పుడు లేస్తుందోనని అతను మాత్రం ఎక్కడికెళ్లినా క్యారేజీ వదలడు.

ఒక సోమవారం ఇద్దరూ అర్జీ రాయించుకుని వెళ్లారు. సుందరం దాన్ని బల్ల మీద, ఆమె చేతి కింద పెట్టాడు.

"ఆ మీట నా గడ్డానికి మార్పించండి సార్. నా ఆకలి నాకే గదండీ తెలిసేది," అంది నాగరత్నం.

"ఒకసారి పేరెక్కాక మార్చే రూలు లేదమ్మా," అని ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె చెయ్యే ఆ అర్జీని బల్ల మీంచి తీసి ఆమె ఒళ్లో పెట్టింది. నాగరత్నానికి ఏడుపొచ్చింది.

అంతలో పై అధికారి ఫోను చేసి కేకలేశాడు. పరాంకుశరావు గారు లేచి నిలబడి, "చిత్తం సార్, చిత్తం" అంటూ గబగబా తల ఊపసాగారు. ఖాళీ చెయ్యి నోటికి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. సుందరం కంగారుగా క్యారేజీ విప్పి ఆ చేతి కింద పెట్టాడు. ఆమె కడుపునిండా తిన్నది.

"పెద్దసారు రోజూ ఈ టయానికే తిడితే బాగుండునే," అన్నాడు సుందరం.

పెద్దసారు నిజంగానే రోజూ తిడుతున్నాడు. నాగరత్నం కాస్త ఒళ్లు చేసింది. ఎవరి సాయం లేకుండా తన చేత్తో తానే తింటున్నదని ఆఫీసు ఫైల్లో రాశారు. పైవాళ్లకు కోపమొచ్చే వేళకే ఇప్పుడు ఆమెకు ఆకలి వేస్తోంది.