ఐదు జామకాయల చిలుక

ఒక పెద్ద అడవిలో ఎవరి భుజం మీద ఏ పిట్ట ఉందో చూసి మర్యాద ఇచ్చేవాళ్ళు. గోరింక ఉంటే "ఏమ్మా" అనేవాళ్ళు. చిలుక ఉంటే "మేడమ్" అనేవాళ్ళు.

పిట్టల పని కబుర్లు మోయడం. అడవి ఆ కొసన ఎవరైనా పిలిస్తే ఒక పిట్ట విని పక్క చెట్టు పిట్టకు చెప్పేది. అది ఇంకోదానికి. చివరికి మీ భుజం మీది పిట్ట అచ్చం అదే గొంతుతో మీ చెవిలో పలికేది.

అడవిపంది వరాలమ్మది గోరింక. పాతది. ముక్కు చివర చిట్లింది. పురుగో పుట్రో, ఏది పెడితే అది తిని పడుండేది.

వరాలమ్మకు పదకొండుమంది పిల్లలు. ఆఖరివాడు బుడంకాయ. దుంప వాసన తగిలితే ముందూ వెనకా చూడడు. పోయిన నెల అలాగే పోయి, వాగు పక్కన ఎవరో ఎప్పుడో ఏనుగుల కోసం తవ్వి వదిలేసిన గుంటలో పడ్డాడు.

"అమ్మా! గుంటలో పడ్డా!"

గోరింక ఆ ఏడుపు క్షణంలో మోసుకొచ్చింది. వరాలమ్మ పరిగెత్తి, మూతితో గట్టు తవ్వి, ఏటవాలుగా దారి చేసి వాణ్ణి పైకి తెచ్చింది.

వాడు మర్నాటికి మర్చిపోయాడు. ఆవిడ మాత్రం ఇంకా రాత్రుళ్ళు లేచి పిల్లల్ని లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఇంతలో తాబేలు మేష్టారు బడిలో చాటింపు వేశాడు. రేపటి నుంచి బడి కబుర్లన్నీ చిలుకలకే చెబుతారట. గోరింకలకు చెప్పరట.

"ఎందుకండీ?" అంది వరాలమ్మ.

"నాకూ తెలీదమ్మా. చిలుక కంపెనీవాళ్ళు బడికి కొత్త గంట కట్టించారు."

చేసేదేముంది? వరాలమ్మ నక్క సుదర్శనం కొట్టుకు వెళ్ళింది.

"రండి, రండి! ఇన్నాళ్ళూ ఆ గోరింకతో ఎలా నెట్టుకొచ్చారండీ? మీ ఓపికకు దండం పెట్టాలి."

"నాకొకటే కావాలి బాబూ. మావాడు పిలిస్తే వినబడాలి."

"అదీ ఒక పనేనా? పాతదాని జ్ఞాపకాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేస్తాం. ముక్కుకి ముక్కు ఆనిస్తే ఒక్క పూట."

"తిండి గిన్నె ఇస్తారా?"

"అది విడిగా కొనుక్కోవాలండీ."

"మా పాతది ఉందిగా."

"చిలుక ముక్కు వంపు వేరు. అందులో పట్టదు. తిండి కూడా మా కంపెనీ జామకాయే పెట్టాలి."

"మరి పాతదాన్ని తీసుకుంటారా?"

నక్క గోరింకను తిరగేసి చూశాడు. "ముక్కు చిట్లిందండీ. దీనికి ధరేమీ రాదు. పిల్లలకిచ్చేయండి, ఆడుకుంటారు."

రెండు పిట్టల్నీ ముక్కుకి ముక్కు ఆనించి కూర్చోబెట్టారు. గోరింక చెబుతూ పోయింది. చిలుక కళ్ళు మూసుకుని వింది. నూటికి తొంభైతొమ్మిది దాకా గబగబా సాగి, అక్కడ మూడు గంటలు ఆగింది.

తర్వాత చిలుక కళ్ళు తెరిచింది. "ఒప్పుకుంటున్నారా?"

"దేనికి?"

"ఒప్పుకుంటున్నారా?"

"ఆఁ."

మర్నాడు పొద్దున్నే చిలుక అరిచింది. "అమ్మా! గుంటలో పడ్డా!"

బుడంకాయ గొంతే. వరాలమ్మ ముళ్ళకంపల్లోంచి అడ్డదారిన పరిగెత్తింది. గుంటలో ఎవరూ లేరు. ఊపిరి అందక నిలబడితే చిలుక తీరిగ్గా ముగించింది. "రేపు బడికి సెలవు."

మధ్యాహ్నం మళ్ళీ. "అమ్మా! గుంటలో పడ్డా! రెండు జామకాయలు కొంటే ఒకటి ఉచితం."

సాయంత్రం మళ్ళీ. "అమ్మా! గుంటలో పడ్డా! నాకు ఆకలేస్తోంది."

వరాలమ్మ కొట్టుకు వెళ్ళింది. "ఇదేం పిట్టయ్యా?"

నక్క మురిసిపోయాడు. "మీరు ఏ పిలుపుకి లేచి పరిగెడతారో కనిపెట్టేసిందండీ! మిగతా కబుర్లు వింటారని నమ్మకమేముంది? అందుకే అన్నిటికీ ముందు అదే పెట్టింది. ఏం తెలివండీ!"

"తీసెయ్."

"తీసేయొచ్చు. అప్పుడు మీవాడు నిజంగా పిలిచినా వినబడదు. మీ ఇష్టం."

వరాలమ్మ చిలుకను భుజాన వేసుకునే ఇంటికొచ్చేసింది.

అబద్ధమని తెలుసు. తెలిసీ పరిగెత్తేది. ఏడుసార్లు అబద్ధమైందని ఎనిమిదోసారి ఏ తల్లి కూర్చోగలదు? అలా వారం రోజులు. ఆవిడ కాళ్ళు తొక్కి తొక్కి గుంట గట్టు వదులైపోయింది. ఎనిమిదో రోజు గట్టుతో సహా వరాలమ్మే గుంటలో పడింది. పోయిన నెల తను తవ్విన దారి ఆ మట్టి కింద పూడిపోయింది. ముందరి కాలు మడతపడింది.

చిలుక మాత్రం ఎగిరి పైన కూర్చుంది.

"మా పిల్లలకు కబురు పంపు!"

"మీ ఇంట్లో ఉన్నది గోరింక. వాటితో మేం మాట్లాడం."

ఇక చేసేది లేక వరాలమ్మ సొంత గొంతుతో అరిచింది. "ఒరేయ్ బుడంకాయా! గుంటలో పడ్డాన్రా!"

చెట్ల మీద ఇంకా మిగిలిన ముసలి గోరింకలు ఆ కేక అందుకున్నాయి. ఇంట్లో బుడంకాయ పాత గోరింక తలకు ఆకుల టోపీ పెట్టి ఆడుకుంటున్నాడు. టోపీతోనే అది కేక వేసింది.

"ఒరేయ్, అమ్మ గుంటలో పడింది!" అన్నాడు వాడు.

"పోరా! జామకాయల కబురై ఉంటుంది," అన్నాడు పెద్దాడు.

"చెప్పింది చిలుక కాదురా. మన గోరింక!"

అంతే. పదకొండు మూతులు గట్టు మీద పడ్డాయి. చెమ్మ మట్టి ఎగిరింది. పొద్దు వాలేలోపు ఏటవాలు దారి తయారైంది. వరాలమ్మ కుంటుకుంటూ పైకొచ్చి, బుడంకాయ చెవి కొరికి, వదిలేసింది.

"ఎందుకమ్మా కొరికావు?"

"ఉన్నావో లేదో చూశాను."

చిలుక వచ్చి భుజం మీద వాలింది. "అమ్మా! గుంటలో పడ్డా! మా సేవ ఎలా ఉంది? ఐదు జామకాయల్లో ఎన్ని ఇస్తారు?"

"దిగు."

"ఐదు జామకాయల్లో ఎన్ని ఇస్తారు?"

"దిగమన్నానా!"

"ఐదు జామకాయల్లో ఎన్ని ఇస్తారు?"

కాలు సలుపుతోంది. పదకొండుమందికీ ఆకలి.

"ఐదు," అంది వరాలమ్మ. చిలుక నోరు మూసింది.

మర్నాడు నక్క కొట్టు ముందు కొత్త బోర్డు వెలిసింది. 'గుంటలో పడిన తల్లి సైతం ఐదుకి ఐదు ఇచ్చిన చిలుక!' అప్పటికే బారులు తీరారు.

వరాలమ్మకు ఇప్పుడు ఒక భుజం మీద బడి కోసం చిలుక, రెండో భుజం మీద బుడంకాయ కోసం గోరింక. గోరింక తలమీద టోపీ ఇంకా అలాగే ఉంది.

ఇందులో నీతి అడుగుతారేమో: ఐదుకి ఐదు కనిపిస్తే, కింద గట్టు గట్టిదో కాదో తొక్కి చూసుకోండి.