రెండో బ్యాటరీ, రెండో కుర్చీ

గాలిలో కరెంటు పోతే ఏ లైన్‌మన్‌కూ ఫోన్ చేయలేం. అందుకే చిన్న విమానంలో పైలటు ముందుండే తెరలకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కరెంటు దారులు ఉండి తీరాలని మానవజాతి నిర్ణయించింది. వాటిని ఇద్దరు స్వతంత్ర అధికారులు విడివిడిగా తనిఖీ చేయాలని చిక్కడపల్లిలోని ద్వితీయ విద్యుత్ ధ్రువీకరణ కార్యాలయం నిర్ణయించింది. (కింద టిఫిన్ సెంటర్. మెట్లు వెనక నుంచి.)

రోజా వాళ్లింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఒక ఫ్లయింగ్ స్కూల్లో టెక్నీషియన్‌గా చేస్తోంది. స్కూలు యజమాని రెండు సీట్ల విమానంలో రెండో బ్యాటరీ పెట్టించి, దాన్నీ పాత బ్యాటరీ స్విచ్చుకే కలిపించాడు. ఆ స్విచ్చు పోతే రెండూ పోతాయి. ఈ మార్పు తర్వాత రేపటి తొలి ప్రయాణంలో పైలటు పక్క సీటు, ఆనవాయితీ ప్రకారం, రోజాది. అందుకే ఈ కార్యాలయానికి పెట్టిన దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాసింది. చదివినవాళ్లు ఆపుతారని ఆమె నమ్మకం. (మొదటి తరానికి చదువు మీద నమ్మకం కాస్త ఎక్కువ.)

మొదటి అధికారి రాజశేఖర్ గారు చదవకుండానే సంతకం పెట్టారు.

"సార్, రెండిటికీ ఒక్కటే స్విచ్చు. జర సూడుండ్రి."

"బ్యాటరీలు రెండున్నయా, లేవా?"

"ఉన్నయ్ సార్."

"మరింకేంది పరేషాన్? డౌటుంటే రెండో అధికారిని అడుగు."

"ఆయన ఏడుంటడు సార్?"

రాజశేఖర్ గారు లేచి, పక్క కుర్చీలో కూర్చుని, కళ్లజోడు మార్చుకున్నారు. రెండో పోస్టు తొమ్మిదేళ్లుగా ఖాళీ. అదనపు బాధ్యత ఆయనదే.

"చెప్పమ్మా, ఏం పని?"

రోజా అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మొదటి అధికారి సరే అన్నడు గద బిడ్డా. సీనియర్ మనిషి. ఆయన మాటను నేనెట్ల కాదనాలె?"

సంతకానికి పెన్ను మూత ఊడింది. రోజా సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసింది.

"పద్నాలుగో రూల్ సార్. తొలి ప్రయాణంల పైలటు పక్కన కూసోవాల్సింది రెండో అధికారేనట. టెక్నీషియన్ అని ఏడా లేదు. రేపు పొద్దుగాల ఆరు గంటలకు. సీటు తుడిపిచ్చి పెడ్త సార్."

పెన్ను ఆగింది. ఆయన దరఖాస్తును మొదటి అక్షరం నుంచి చదివారు.

"ఒక్కటే స్విచ్చా! ఏ తెలివి లేనోడు పెట్టిండు దీని మీద సంతకం?"

ఆ కార్యాలయ చరిత్రలో ఇద్దరు అధికారుల మధ్య అభిప్రాయభేదం అదే మొదటిది. దరఖాస్తును తిరస్కరించి, మొదటి అధికారిని సంజాయిషీ కోరుతూ రెండో అధికారి నోటీసు రాశారు. రాజశేఖర్ గారు కుర్చీ మారి దాన్ని అందుకున్నారు.

మధ్యాహ్నానికి విచారణ ముగిసింది. తప్పు టెక్నీషియన్‌దేనని ఇద్దరూ ఏకగ్రీవంగా తేల్చారు.