వియ్యంకుడి వంశవృక్షంలో మా ఖాళీ గడి

అయ్యా, అమ్మా! వంశవృక్షాల పిచ్చి ఉన్న వియ్యంకుడు దొరకడం పూర్వజన్మ సుకృతం. నవ్వకండి. మీకు దొరకలేదు కాబట్టి తెలియదు.

మా అమ్మాయి అదితి మామగారు నార్మండ్ గారు ఇక్కడే నోవై ఊళ్ళో, మా ఇంటికి పది నిమిషాల డ్రైవ్‌లో ఉంటారు. కార్ల కంపెనీలో రిటైరయ్యాక జనం గోల్ఫ్ ఆడుకుంటారు. ఈయన పూర్వీకులను వెతుక్కుంటారు. వాళ్ళు ఏనాడో కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచివాళ్ళట. కాఫీకి పిలిస్తే ల్యాప్‌టాప్‌తో వస్తారు. ఎంత లాభం! డ్రైవ్‌వే నిండా మంచు పడి ఉంటే నాకు మాత్రం వేరే కాలక్షేపం ఏముంది? పదకొండు తరాలు చూసేశాను. ఇప్పుడు మా తాతల కంటే వాళ్ళ తాతలే నాకు బాగా పరిచయం.

ఏం మనుషులండీ! ఇంటిపేరు ఒకటి చాలక, సైన్యంలో పెట్టిన మారుపేరు కూడా దానికి తగిలించుకునేవారట. తర్వాత అన్నదమ్ముల్లో ఒకడు పాతది ఉంచుకుంటే ఇంకొకడు కొత్తదానితో చక్కాపోయేవాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, వీసాలో ఒక పేరు పడి నేను పడ్డ పాట్లు వీళ్ళు పడి ఉంటే తెలిసేది. ఇక ఆడపిల్ల పుడితే చాలు, ముందు మేరీ, వెనక ఇంకో పేరు. మేరీ లూయీజ్, మేరీ ఆన్, మేరీ జనవియేవ్. ఇంట్లో పిలిచేది మాత్రం వెనకదానితో! మరి ముందుది ఎందుకండీ? పడీపడీ నవ్వాను. నార్మండ్ గారు ఏమీ అనుకోలేదు. వాళ్ళ చర్చి పుస్తకాల్లో పెళ్ళయినా, చనిపోయినా ఆడవాళ్ళను పుట్టింటి పేరుతోనే రాశారని, అందుకే ఒక్క ముత్తవ్వ కూడా తప్పిపోలేదని చెప్పారు.

నా నవ్వు అక్కడితో ఆపాల్సింది.

పోయిన నెల మనవరాలు పుట్టింది. "డాడీ, మిడిల్ నేమ్ అటు సైడ్ నుంచి మేరీ. ఫస్ట్ నేమ్ మన సైడ్ నుంచి కావాలి. నువ్వెప్పుడూ మీ మామ్మ గురించే చెప్తావు కదా, ఆవిడ పేరు పెడదామనుకున్నాం. సండే బారసాల. ఇంతకీ ఆవిడ పేరేంటి?" అంది అదితి.

మామ్మ పేరేంటి? మామ్మ! నన్ను పెంచింది ఆవిడే. పదేళ్ళు ఆవిడ పక్కలోనే పడుకున్నాను. ఆవిడ పొడుం డబ్బా రంగు చెప్పగలను, పేరు చెప్పలేను. నార్మండ్ గారు చార్టు పరిచి పెన్సిల్‌తో కూర్చున్నారు. ఆయన వైపు గడులన్నీ నిండాయి. మా వైపు నా పైన రెండో వరుసలోనే ఖాళీ. నిజంగా సిగ్గేసింది.

అరోరా అనే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటున్న మా పాపాయక్కకు ఫోన్ చేశాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

"అక్కా, మామ్మ పేరేంటే?"

"నా పేరేరా."

"పాపాయా?"

"కాదురా, మాణిక్యాంబ. ఆవిడ పేరే నాకు పెట్టారు. అత్తగారి పేరు పెట్టి అమ్మ నన్నెలా పిలుస్తుంది? అందుకని పాపాయి అంది. అందరూ అదే అన్నారు. నా పెళ్ళి శుభలేఖ నువ్వు చూళ్ళేదూ?"

చూశాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వేరే ఎవరి పెళ్ళిదో మా ఇంటికొచ్చిందనుకున్నాను.

ఇంతకీ మేరీలను చూసి నవ్విందెవరండీ? వాళ్ళు రెండు పేర్లు పెట్టి ఒకదానితో పిలిచారు. మేం ఒకటే పెట్టి, దాన్ని డెబ్బై ఎనిమిదేళ్ళు దాచిపెట్టాం. గౌరవంతోనే సుమండీ!

ఆదివారం బారసాల అయింది. అక్క వీడియో కాల్‌లో చూస్తోంది. "పెద్దావిడ పేరాయె. రేపు దీన్ని కోప్పడాలంటే నోరెలా వస్తుంది? చిన్నీ అందాం" అని మా ఆవిడ జయంతి అప్పుడే మొదలుపెట్టింది. నార్మండ్ గారికి ఈ మర్యాదలేవీ తెలియవు. చార్టులో గడి నింపి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, ఊయల మీదికి వంగి, కూడబలుక్కుంటూ "మాణిక్యాంబా" అని పిలిచారు.

పసిది పలకలేదు. ఫోన్‌లోంచి మా అక్క "ఆఁ" అంది.