పన్నెండు పాయింట్ నాలుగు

ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదికి ఇంట్లో బండి తీయడం, ఎనిమిదిన్నరకి ఫ్యాక్టరీ గేటు, తొమ్మిదికి భార్య యాభై టన్నుల క్రేన్ ఎక్కడం, ఆమె ఎక్కుతుంటే భర్త కింద నిలబడి ఫోటో తీయడం. ఆ షెడ్డు కట్టిన ఇరవై ఆరేళ్లలో ఆ క్రేన్ నిచ్చెన ఏ ఆడమనిషీ ఎక్కలేదు. ఎక్కలేదనడం మర్యాద కోసం. ఎక్కనివ్వలేదు, అదే నిజం. ఆమె మూడేళ్లు అర్జీలు పెట్టింది, రెండు పరీక్షలు పాసయింది. "అంత ఎత్తులో ఆడవాళ్లకి కళ్లు తిరుగుతాయమ్మా" అని సూపర్‌వైజరు అన్నప్పుడల్లా "ముందు మీరెక్కి తిరక్కుండా చూపించండి" అని నోరు మూయించింది. ఇక మిగిలిందల్లా రక్తపరీక్ష కాగితం మీద ఫ్యాక్టరీ డాక్టరమ్మ సంతకం. అది పడకపోతే ఆ సీటు వరసలో రెండోవాడిదైపోతుంది.

భర్త అదే ఫ్యాక్టరీలో కొలతల ఇన్‌స్పెక్టరు. అందరికీ గేజు మాస్టారు. ఏ ఇనప ముక్కయినా ఆయన గేజు దాటాకే బయటికి పోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎర్ర చీటీ కట్టి పక్కన పడేస్తాడు. ఎర్ర చీటీ మీద ఆయన సంతకం తప్ప ఇంకెవరిదీ చెల్లదు. మొన్న ఒక పనివాడు ఒక సైజు గేజుతో ఇంకో సైజు ముక్కని కొలిచాడని షెడ్డంతా వినేలా దులిపేశాడు. "కొలవడం రాకపోతే ఊరుకో. తప్పు గేజు మాత్రం పెట్టకు."

ఆ వారం ఆయనకీ ఏడాదికోసారి చేసే రక్తపరీక్ష జరిగింది. రెండు కాగితాలూ బల్ల మీద ఉన్నాయి. భార్య తన కాగితాన్ని యూనిఫాం జేబులో పట్టేలా నిలువుగా మడిచి, జడ వేసుకోడానికి లోపలికి వెళ్లింది. పాల ప్యాకెట్టు కూడా తూచి తీసుకునే మనిషి ఊరుకుంటాడా? ఆమె కాగితం చేతిలోకి తీసుకున్నాడు. హిమోగ్లోబిన్ 12.4 అని ఉంది. ఎంత ఉండాలో మడత వెనక్కి పోయి పైకి కనిపించలేదు. పక్కనే ఉన్న తన కాగితం చూశాడు. 13 నుంచి 17. ఎర్ర కణాల లెక్కా అంతే, గీతకి కిందే. తన అంకెలు ఆయన చూసుకోనేలేదు.

మూడేళ్లుగా ఆమె పడ్డ పాటు ఆయనకి తెలుసు. ఇవాళ పొద్దున ఈ మాట ఆమెతో ఎలా చెబుతాడు? చెప్పకుండా నలభై అడుగుల ఎత్తుకి ఎలా పంపుతాడు? వరండాలోకి వెళ్లి, ఫ్యాక్టరీ అంబులెన్సు నడిపే తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"నీ చెవిన మాత్రమే వేస్తున్నా. మీ వదినకి రక్తం పన్నెండే ఉంది. నీ బండి క్రేన్ కింద ఉంచు. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తానన్నా," అన్నాడు తోడల్లుడు. నిజంగానే గేటు వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో భార్య ముందు నాలుగు అరటిపళ్లు ప్రత్యక్షమయ్యాయి.

"ఏంటయ్యా ఇవి? నేను క్రేన్ ఎక్కుతున్నానా, కొండెక్కుతున్నానా?"

"తిను, బలం."

"నువ్వూ తిను. వారం నుంచి చూస్తున్నా, అన్నీ ఒక పక్కనే నములుతున్నావు."

"నా సంగతి వదిలెయ్," అన్నాడు దవడ తడుముకుంటూ.

గేటు దగ్గర పన్నెండు కాస్తా పదయింది. స్టోర్సు దాటేసరికి ఎనిమిది. షెడ్డుకి చేరేసరికి ఐదు. వీళ్ల బండి ఆగేటప్పటికి క్రేన్ కింద అంబులెన్సు తలుపులు తెరిచి ఉంది. స్ట్రెచర్ దుప్పటితో సహా సిద్ధంగా ఉంది. గేజు మాస్టారి సెక్షనువాళ్లు ఆరుగురు చొక్కా చేతులు మడిచి వరసగా నిలబడ్డారు. "వదినకి మా రక్తం ఎక్కించండి," అన్నాడు ముందున్నవాడు. తప్పు గేజు పెట్టి తిట్లు తిన్నవాడు అతనే. నిచ్చెన మొదట్లో రెండోవాడు అప్పుడే హెల్మెట్ పెట్టుకుని ఒక కాలు మెట్టు మీద వేశాడు.

సూపర్‌వైజరు జాలిగా తల ఊపాడు. "నేను ముందే చెప్పానమ్మా. పోయి పడుకో."

ఆమె అంబులెన్సు వైపు చూసింది. ఆరుగురి చేతుల వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఆయన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"నిచ్చెన మీంచి కాలు తియ్," అంది రెండోవాడితో. అతను తీశాడు. "డాక్టరమ్మని పిలవండి."

డాక్టరమ్మ వచ్చింది, కాగితం తీసుకుంది, మడత విప్పింది. "12.4. ఉండాల్సింది 12 నుంచి 15. ఎర్ర కణాలూ బాగానే ఉన్నాయి. ఏమైందని ఇంత మంది?"

"పదమూడు ఉండాలి కదండీ?" అన్నాడు గేజు మాస్టారు.

"ఎక్కడ చూశారు?"

ఆయన జేబులోంచి తన కాగితం తీసి ఇచ్చాడు.

"ఇది మగవాళ్లకి. ఆడవాళ్ల రేంజు వేరు. మీరు మీ కొలతతో ఆవిణ్ణి కొలిచారు."

చేతులు మడిచినవాడొకడు మెల్లగా అన్నాడు: "తప్పు గేజు, మాస్టారూ."

డాక్టరమ్మ కళ్లు ఇంకా ఆయన కాగితం మీదే ఉన్నాయి. "రేంజంటే పాసు మార్కు కాదు. ఆరోగ్యంగా ఉన్న వంద మందిలో తొంభై ఐదు మంది ఎక్కడుంటారో అది. కొంచెం అటూఇటూ అయితే కంగారు అక్కర్లేదు. కానీ మీ తెల్ల కణాలు పదకొండు వేలు దాటకూడదు, పదహారు వేలున్నాయి. ఒంట్లో ఎక్కడో చీము ఉండుండాలి. ఆ బుగ్గ చూపించండి."

బుగ్గ చూపించాడు. వారం నుంచి దాచిన పన్ను బయటపడింది.

"అంబులెన్సు ఎలాగూ వచ్చింది కదా," అంది భార్య. "ఎక్కు. ఎక్కేముందు ఫోటో తియ్."

డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆమె నలభై మెట్లూ ఆగకుండా ఎక్కింది. హుక్కు ఊగకుండా దిగింది, ఇరవై టన్నుల రోలరు నేల వదిలింది, షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నీళ్ల మీద పడవలా సాగి, సున్నంతో గీసిన గీతల మధ్య కూర్చుంది. ఎవరూ అడక్కుండానే గేజు మాస్టారు వాచిన బుగ్గతో వంగి, టేపు తీసి, రెండు పక్కలా కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఎంత?" అని పైనుంచి కేక.

"సమానం," అన్నాడు. ఆ మాట షెడ్డు అవతలి గోడకి వినబడింది. ఫ్యాక్టరీ మొత్తానికి వినబడాలనే ఆయన ఉద్దేశం. కళ్లు తుడుచుకుని, పన్ను నొప్పి అన్నాడు.

ఆయన స్ట్రెచర్ మీద కూర్చుంటుండగా తిట్లు తిన్న పనివాడు వచ్చి, చాలా మర్యాదగా, ఆయన చొక్కా గుండీకి ఒక ఎర్ర చీటీ కట్టాడు. ఇంకెవరి సంతకమూ చెల్లదు కాబట్టి, ఆయనే పెట్టాడు.