కుడి కిటికీ తీర్మానం

విమానంలో ఏ వైపు కిటికీ దగ్గర కూర్చోవాలన్న విషయమై 2012 మార్చిలో మా ఊళ్లో గ్రామసభ జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అంతకుముందు నెల నీళ్ల ట్యాంకు గురించి పెట్టిన సభకు పదకొండు మంది వచ్చారు. దీనికి ఊరంతా వచ్చింది.

తుర్కపల్లి మందుల కంపెనీలో క్యాబ్ నడిపే శాంసన్‌కు ఉత్తమ డ్రైవర్ బహుమతిగా ఢిల్లీకి విమానం టికెట్ దొరికింది. విమానం మా మీదుగానే పోతుంది. కుడివైపు కూర్చుంటే శామీర్‌పేట చెరువు, పక్కన ప్లాట్ల వెంచర్ గోడ, గోడ లోపల శాంసన్ పెద్దమ్మ ఎలీషమ్మ అరెకరం, అందులో ఆమె బావి కనిపిస్తాయి. నేల మీద నుంచి గోడొక్కటే కనిపిస్తుంది. భూమి కొలిచే సారు ఆ గోడ ముందు నిలబడి, బావి కనిపించలేదు గనుక లేదని రాసుకుని వెళ్లారు. ఎంత నిక్కచ్చి మనిషి! పాత కాగితాల్లో ఆమె పేరున రాసింది 'బావి ఉన్న అరెకరం' అని; బావి ఉందని రుజువైతేనే ఎలీషమ్మ పొలం ఎలీషమ్మది.

"బిడ్డా, ఒక్క ఫొటో తీసుకరా. నా బాయి ఉన్నదో, పూడ్చిన్రో సూస్త" అని ముసలామె శాంసన్ చేయి పట్టుకుంది.

మాజీ సర్పంచ్ బక్కయ్యగారు లేచారు. ఆ వెంచర్‌లో ఆయన కొద్దిపాటి భాగస్వామి అయినా, మాట్లాడింది మాత్రం ప్రకృతి అందాల గురించే.

"కుడి దిక్కు పొద్దు కొడ్తది. కిటికీ తీస్తే జవహర్‌నగర్ చెత్త కంపు! ఎడమ దిక్కు మస్తు సల్లగుంటది, మేడ్చల్ కనవడ్తది. గిది ఊరి ఇజ్జత్ ముచ్చట!"

విమానం కిటికీ తెరుచుకోదని ఎవరూ అనలేదు. సభకు ముందు ఆయన అందరికీ చాయ్ పోయించారు. ఎడమవైపు తీర్మానం చప్పట్లతో నెగ్గింది. నేనూ కొట్టాను, చాయ్ బాగుంది మరి.

శాంసన్ బుద్ధిగా తలూపి, సుచిత్ర చౌరస్తాలోని నెట్ సెంటర్‌కు పోయి, రెక్క అడ్డురాని చోట కుడి కిటికీయే పట్టాడు. "బస్సుల తువ్వాల ఏసినట్టే, జల్దీ వోయినోనిదే సీటు" అన్నాడట. తీర్మానమంటే లెక్కలేదు వెధవకి!

స్టూడియో అజర్ ఇచ్చిన కెమెరాతో తీసిన ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఎలీషమ్మ బావిని వేలితో తడిమి ఏడ్చింది. "ఎండలే నాయినా, నా బాయి ఎండలే!" ఊరంతా ఆ ఫొటోలో ఎవరి డాబా వాళ్లు వెతుక్కుంది. ఆకాశం తన పరిధిలోకి రాదని కొలతల సారు ఫొటో తిప్పి పంపారు.

బక్కయ్యగారు మాత్రం గుణగ్రాహి. శాంసన్‌కు శాలువా కప్పి, వారంలో అదే ఫొటోతో మేడ్చల్ రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించారు: "చెరువు అందాలు! ఎండని బావి! ప్లాట్లు కొన్నే!"

బావికి ఎదురుగా ఉన్న ప్లాటు నేనే తీసుకున్నాను. గృహప్రవేశానికి ఎలీషమ్మను స్వయంగా పిలిచాను. "నా బాయిల నీళ్లు ఎంత తోడినా ఒడువయి బిడ్డా, రోజూ మొకం మంచిగ కడుక్కో" అన్నది. పరిశుభ్రత మీద పెద్దలకు ఎంత శ్రద్ధ! ఇంకా రెండు ప్లాట్లున్నాయి. మీరూ వస్తే కలిసి కడుక్కుందాం.